మండీవాళ్ల దగ్గు

మా వాళ్లలో రోగి ఒక్కడే డాక్టరు దగ్గరికి పోతే దిక్కులేనివాడని అర్థం. వెంట ఇంటి యజమాని ఉండాలి. యజమానికి తోడు నలుగురిలో పేరున్న పెద్దమనిషి ఒకడు ఉండాలి. ఆ పెద్దమనిషికి వైద్యం గురించి ఏమీ తెలియనక్కర్లేదు, తెలిస్తే ఇబ్బంది కూడా. ఆయన చేయవలసిందల్లా డాక్టరు ఎదుట కుర్చీ నింపడం, "మీ ఇంటి బిడ్డ అనుకోని చూడండమ్మా" అని ఒక మాట అనడం, బయటికొచ్చాక కాఫీ తాగడం. సౌకార్‌పేటలో పెద్దమనుషులు తరతరాలుగా ఇలా కాఫీలు తాగుతూనే ఉన్నారు, రోగులు వాళ్ల చావు వాళ్లు చస్తూనే ఉన్నారు.

ఆ శుక్రవారం డాక్టర్ నివేదిత గదిలోకి అలాగే నలుగురం వెళ్లాం. రోగి మా అన్న కూతురు ఆశ. ఇరవై ఆరేళ్ల పిల్ల, ముప్పై తొమ్మిది కిలోలు. యజమాని మా అన్న కోదండరాం. గోవిందప్ప నాయకన్ వీధిలో ఎండుమిరపకాయల మండీ ఆయనది. పెద్దమనిషి దామోదరం. మా గుడి ట్రస్టుకు కార్యదర్శి, నుదుట చందనం, చంకలో ఎప్పుడూ ఏదో ఒక ఆహ్వానపత్రికల కట్ట. నాలుగోవాణ్ని నేను, శివరామ్‌ని. కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాలు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. అన్న ఇంట్లోనే మేడమీద గదిలో ఉంటూ, ఇంటిల్లిపాదికీ మనసులో మార్కులు వేసి ఫెయిలు చేస్తూ కాలక్షేపం చేస్తున్నాను.

గదిలో ఉన్న రెండు మంచి కుర్చీలూ పెద్దలు ఆక్రమించారు. రోగికి స్టూలు దొరికింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. డాక్టరు ఆశను ఏది అడిగినా జవాబు మా అన్నే చెప్పాడు. రోజుకు ఎన్నిసార్లు పోతున్నావమ్మా అంటే, అది కూడా ఆయనే చెప్పాడు, తప్పు చెప్పాడు. ఆశ మెల్లగా సరిదిద్దింది. దామోదరం ఆ పిల్ల వైపు, మగవాళ్ల ముందు ఇలాంటి లెక్కలేమిటన్నట్టు చూశాడు.

ఆశకు ఉన్నది క్రోన్స్ వ్యాధి. పేగు గోడలో పుండ్లు పడతాయి. పద్దెనిమిది నెలలుగా రక్తం, జ్వరం, మెలితిప్పే నొప్పి. ఆ పిల్ల ఆఫీసు నగరానికి ఆ చివర, షోళింగనల్లూరులో. క్యాబ్ పోయే దారిలో ఏ పెట్రోలు బంకులో బాత్రూం తాళం ఎవరి దగ్గర ఉంటుందో అన్నీ తెలుసు. మొదటి ఏడాది ఇంట్లో జరిగిన వైద్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. హోటలు తిండి అని మా అన్న తేల్చాడు. దిష్టి అని మా వదిన వాసవాంబ తేల్చింది. మిరపకాయలు అమ్మి బతికే ఇంట్లో పిల్ల కారం తినలేకపోవడం కులదేవత కోపమేనని దామోదరం తేల్చాడు. కరివేపాకు మజ్జిగ, దానిమ్మ తొక్క కషాయం, పదకొండు శుక్రవారాల అర్చన. అంతా అయ్యాక, పిల్ల ఆఫీసు లిఫ్టులో పడిపోయాక, ఈ డాక్టరు.

మాత్రలు పని చేయలేదు. స్టెరాయిడ్ కొన్నాళ్లు రక్తం ఆపింది, ముఖం ఉబ్బింది, మందు తగ్గించగానే మళ్లీ రక్తం. ఇక మిగిలింది బయొలాజికల్ మందు. సెలైన్‌లాగా చేతికి ఎక్కించాలి.

"వచ్చే గురువారం మొదటి డోసు వేద్దాం" అంది డాక్టర్ నివేదిత. కోయంబత్తూరు పక్క తెలుగు ఆమెది. "కానీ సార్, ముందు ఒకటి అడగాల. ఈ మందు ఒంట్లోకి పోతే లోపల అణిగి ఉండే టీబీ లేచి వస్తుంది. ఆశకు టీబీ రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది, ఎక్స్‌రే బాగుండాది. కానీ పాప స్టెరాయిడ్ మీద ఉండాది కాబట్టి ఆ నెగటివ్‌ను నేను పూర్తిగా నమ్మలేను. అందుకే మీ జవాబు ముఖ్యం. ఇంట్లో ఎవరికన్నా టీబీ వచ్చిందా? ఇప్పుడు కాదు, ఎప్పుడో వచ్చి పోయినా సరే, చెప్పండి."

మా అన్న దామోదరం వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"అట్లాంటి జబ్బులు మా గడప తొక్కలేదు డాక్టరమ్మా" అన్నాడు.

"వాళ్లది నిష్ఠ గల ఇల్లు" అని దామోదరం వత్తాసు పలికాడు. "గుడి అన్నదానం మొత్తం ఈయన చేతి మీదే నడస్తా ఉండాది."

డాక్టరు కంప్యూటర్లో 'లేదు' అని కొట్టింది. నేను గోడకు ఆనుకునే ఉన్నాను.

ఇప్పుడు నిజం చెప్తాను. రెండేళ్ల క్రితం మా అన్నకు టీబీ వచ్చింది.

నాలుగు నెలలు దగ్గాడు. ఎవరూ పట్టించుకోలేదు. మిరపకాయల మండీలో దగ్గనివాడు ఉండడు. మూటలు మోసేవాళ్లు దగ్గుతారు, కొనేవాళ్లు దగ్గుతారు, వీధిలో పోయే ఆటోవాడు దగ్గుతాడు. మండీవాళ్ల దగ్గు అని దానికి పేరు కూడా ఉంది. జబ్బు కింద జమ కాదు, వృత్తి కింద జమ. మిరియాలూ బెల్లమూ నమిలితే సరిపోతుందని మా తాత చెప్పాడు, మా నాన్న చెప్పాడు. వాళ్లిద్దరూ ఏ దగ్గుతో పోయారో ఎవరూ అడగలేదు.

ఒకరోజు చేతిరుమాలులో రక్తం పడింది. అప్పుడు మేడమీదికి వచ్చి నా తలుపు తట్టాడు. ఇంట్లో చదువుకున్నవాడు అవసరమయ్యేది ఇలాంటప్పుడే. సౌకార్‌పేట మనిషి ఎవడూ రాని చోటు కావాలన్నాడు. తిరువొత్తియూరులో ఛాతీ డాక్టరు ఒకాయన ఉంటే అక్కడికి తీసుకెళ్లాను. ఎవరూ గుర్తుపట్టకుండా పంచె వదిలేసి నా పాత ప్యాంటు తొడుక్కుని, నడుం దగ్గర చేత్తో పట్టుకుని, లోకల్ రైల్లో కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నగరంలో సగం మిరపకాయ ఈయన చేతుల మీదుగా పోతుంది. ఆ రోజు రైల్లో చూడాలి ఆ ఠీవి.

ఆరు నెలలు మాత్రలు వేసుకోవాలన్నారు. ఆ మాత్రలకు మూత్రం నారింజ రంగులో వస్తుంది. మూడో నెలలో దగ్గు పోయింది, బరువు పెరిగింది. అప్పుడు ట్రస్టువాళ్లందరూ కాళహస్తి యాత్ర పెట్టుకున్నారు. నాలుగు రోజులు, అందరికీ కలిపి రెండు బాత్రూములు. ఆ రంగు ఎవరి కంటైనా పడుతుందేమోనని మా అన్న మాత్రలు ఆపేశాడు. తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టలేదు. క్షయ ఉన్నవాడి చేతి అన్నం ఎవడు తింటాడు, అన్నదానం బాధ్యత లాక్కుంటారని ఆయన భయం. ఒక గరిటె కోసం ఊపిరితిత్తులు పణంగా పెట్టిన మహానుభావుడు. నాకు తెలుసు ఆపాడని. నవ్వి ఊరుకున్నాను. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను కూడా. ఆ రహస్యం ఆయనకూ వదినకూ కాక నాకొక్కడికే తెలుసునని నాకు లోలోపల కొంత గర్వంగానే ఉండేది.

మా ఇల్లు పాతకాలపుది, రైలుపెట్టెలా పొడుగు. రెండు పక్కలా గోడలే, కిటికీ అన్నమాట లేదు. ఆ నాలుగు నెలలూ మా అన్న ముందు హాల్లో ఉయ్యాలబల్ల మీద కూర్చుని దగ్గాడు. అదే హాల్లో ఆయనకి మూడడుగుల దూరంలో ఆశ ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసింది, వారానికి మూడు రోజులు. క్షయ ముద్దతో రాదు, మంచంతో రాదు, గాలితో వస్తుంది. పిల్ల పీల్చే ఉంటుంది. పీల్చిన క్రిమి లోపల ఎక్కడో నిద్రపోతూ ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. ఆ సంగతి తేల్చడానికే డాక్టరు ఆ ప్రశ్న అడిగింది.

మరి నేనెందుకు నోరు విప్పలేదు? మా ఇంట్లో బయటివాళ్ల ముందు పెద్దన్న మాటకి ఎదురు చెప్పరు. లోపల తలుపేసుకుని జుట్టు జుట్టు పట్టుకోవచ్చు, గడప దాటితే ఆయన చెప్పిందే వేదం. ఈ ఆచారాన్ని స్టాఫ్ రూములో ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. అరవై మూడేళ్ల వయసులో అదే ఆచారాన్ని గోడకు ఆనుకుని పాటించాను. బయట దామోదరం కాఫీ తాగాడు. నాకూ ఒకటి ఇప్పించాడు.

శనివారం మండీకి వెళ్లాను. మా అన్న గద్దె మీద కూర్చుని గుంటూరు మిరపకాయని వేళ్లతో తుంచి వాసన చూస్తున్నాడు.

"నీ పరువు నిలబడింది గదా అన్నా. ఇంక పిల్ల ఏమైపోతే ఏమి" అన్నాను.

"ఏమిరా వాగతా ఉండావు? టెస్టు నెగటివ్ అని ఆ డాక్టరమ్మే చెప్పింది గదా."

"టెస్టు అంటే ఏమిటో నీకు తెలుసునా? టీ-కణం అంటే తెలుసునా? దాని మీద స్టెరాయిడ్ ఏం చేస్తాదో తెలుసునా?"

"నాకెందుకు తెలియాల? చదివినోడివి నువ్వు. నువ్వు తెలుసుకో."

"తెలియనోడు నోరు మూసుకోని ఉండాల. నువ్వు డాక్టరు ముందర తెరిచినావు. దామోదరం కోసరం తెరిచినావు. అన్నదానం గరిటె కోసరం తెరిచినావు."

చుట్టూ మూటలు కుట్టేవాళ్లు చేతులు ఆపి చూశారు. మా అన్న ముఖం ఆయన సరుకు రంగుకి వచ్చింది.

"నా మండీలో నిలబడుకోని నన్ను మాట్లాడతావా? పో, ఇంటికి పో. చెప్తా ఉండా, పో."

వచ్చేశాను. దారంతా దగ్గుతూనే, బాగా అన్నాననుకున్నాను. గరిటె మాట ముఖ్యంగా బాగా కుదిరిందనుకున్నాను. మిద్దె మెట్లెక్కేటప్పుడు ఇంకా పదునైన మాటలు రెండు తోచాయి, అవి అక్కడ తోచలేదే అని బాధపడ్డాను. అసలు చెప్పవలసిన సంగతి ఆయనకి చెప్పలేదన్నది మాత్రం నాకు తట్టనే లేదు.

సోమవారం ఆశ ఇంటి నుంచే పని చేస్తోంది. మధ్యాహ్నం మేడమీద వదిన ఎండబెట్టిన అప్పడాలకి కాపలాగా వచ్చి నీడలో కూర్చుంది. నన్ను చూసి అడిగింది.

"ఆ మందు లోపల ఏం చేస్తాది చిన్నాయనా? యూట్యూబ్‌లో చూసినా. బొమ్మలు బాగుండాయి, ఒన్నుమే పురియలేదు, ఒక్క ముక్క అర్థం కాలేదు."

నాకు అంతకన్నా ఏం కావాలి? లోపలి నుంచి సుద్దముక్క తెచ్చి మేడ నేల మీద గీయడం మొదలుపెట్టాను. పేగు గోడ గీశాను. గోడలో కాపలా కాసే తెల్లకణాలు గీశాను.

"ఇవి మాక్రోఫేజులు. ఇవి టీ-కణాలు. మామూలుగా వీటి పని ఏమిటి? క్రిమి కనపడితే కేక పెట్టడం. ఆ కేక విని మిగతా కణాలు రక్తంలో నుంచి పరిగెత్తుకొస్తాయి. కేక అంటే నిజంగా కేక కాదు, ఒక ప్రోటీను. దాని పేరు టీఎన్ఎఫ్. నీ పేగులో ఏమయింది? క్రిమి లేదు, దొంగ లేడు. అయినా ఇవి కేకలు ఆపడం లేదు. విని వచ్చినవి ఇంకా గట్టిగా కేక పెడతా ఉండాయి. ఆ గుంపు తొక్కిసలాటలో గోడకి పుండ్లు. నీ రక్తం అదే."

"అంటే నా సొంత కణాలే."

"నీ సొంత కణాలే. ఈ మందు ఒక యాంటీబాడీ. బతికున్న కణాల్లో తయారు చేస్తారు కాబట్టి బయొలాజికల్ అంటారు. ఇది పోయి ఆ టీఎన్ఎఫ్‌ని ఎక్కడికక్కడ పట్టుకుంటాది. కేక వినపడదు. కొత్త గుంపు రాదు. ఇంకా ఒకటుంది. కొన్ని కణాలు టీఎన్ఎఫ్‌ని ఒంటి మీదే తగిలించుకోని తిరుగుతాయి. మందు దానికి అతుక్కుంటే ఆ టీ-కణం తనంతట తాను చచ్చిపోతాది. మిగిలిన మాక్రోఫేజులు కొట్లాట మానేసి గోడ బాగు చేసే పనిలో పడతాయి. పుండు మానుతాది."

ఎంత బాగా చెప్పానో! ముప్పై ఒక్క ఏళ్లలో ఏ క్లాసులోనూ అంత శుభ్రంగా రాలేదు. ఆశ మోకాళ్ల మీద గడ్డం ఆనించి బొమ్మనే చూస్తోంది. ఉబ్బిన ముఖం, కింద పుల్లల్లాంటి చేతులు.

"సరి. ఆ కేక మంచిపనికి పనికిరాదా చిన్నాయనా?" అంది.

"పనికొస్తాది. ఇన్‌ఫెక్షన్లు వచ్చినప్పుడు."

"ఎట్లాంటి ఇన్‌ఫెక్షన్లు?"

సుద్దముక్క నా చేతిలోనే ఉంది. గీయవలసిన బొమ్మ ఇదీ: ఊపిరితిత్తిలో టీబీ క్రిమి. దాన్ని చంపలేక, చుట్టూ కంచెలా కట్టుకుని నిలబడ్డ మాక్రోఫేజులు, వాటి వెనక టీ-కణాలు. ఆ కంచె ఏళ్ల తరబడి నిలబడేది ఆ కేక బలం మీదే. కేక ఆగితే కంచె సడలుతుంది. లోపలున్నది బయటికి వచ్చి ఒళ్లంతా పాకుతుంది. పేగు కోసం పోసిన మందుకి పేగేదో ఊపిరితిత్తేదో తెలియదు. ఇక ఆ రక్తపరీక్ష. నీకు టీబీ క్రిమితో పూర్వపరిచయం ఉందా అని టీ-కణాలను అడగడమే ఆ పరీక్ష. స్టెరాయిడ్ మత్తులో జోగుతున్న టీ-కణం లేదనే చెప్పవచ్చు. నేల మీద ఇంకా చోటుంది. రెండు నిమిషాల పని.

"జలుబు, జ్వరం, అట్లాంటివి" అన్నాను.

ఆశ నన్ను కొంచెంసేపు చూసింది.

"ఇంకేమన్నా ఉండాదా?"

"అంతే."

"సరి" అని లేచి అప్పడాలు తిప్పడానికి పోయింది. నేను చెప్పులతో రుద్ది బొమ్మ చెరిపేశాను.

మంగళవారం ఏమీ చేయలేదు. బుధవారం ఆసుపత్రి నంబరు తిప్పాను. అపాయింట్‌మెంట్ కోసం ఒకటి నొక్కమని, బిల్లింగ్ కోసం రెండు నొక్కమని ఒక గొంతు చెప్పి, తర్వాత వీణ వాయించింది. అది మోగుతుండగా వదిన కాఫీ తెచ్చింది. ఫోన్ పెట్టేశాను. ఆమె వెళ్లాక మళ్లీ తియ్యలేదు. నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. అన్నకి మాటిచ్చాను. ఎక్స్‌రే బాగుంది. అన్న మూడు నెలలైనా మాత్రలు మింగాడు. డాక్టరు తెలివైనది, తనే కనుక్కుంటుంది. ఒక్క డోసుకి ఏమీ కాదు. ఇందులో ఏ ఒక్కటి నా విద్యార్థి పరీక్షలో రాసినా సున్నా వేసి, కింద ఎర్ర సిరాతో ఇంకో మాట కూడా రాసేవాణ్ని. ఇంట్లో తెలివితక్కువవాళ్లు ఎవరో తేల్చడంలో ఆ వారమంతా నాకు తీరిక దొరకలేదు కాబోలు.

గురువారం ఆటోలో ముగ్గురమే బయల్దేరాం. దామోదరం రాలేదు.

"ఫోన్ చేస్తే ఎత్తడం లేదే" అని మా అన్న గునిశాడు. "పెద్దమనిషి లేకుండా మొదటి డోసు ఎట్లా?"

"దామోదరం మామ సాయంత్రం నాలుగ్గంటలకి వస్తారు నాయనా" అంది ఆశ. "అప్పుడే అని నేనే చెప్పినా."

"పొద్దున పదికి గదా మనకి?"

"ఊఁ" అంది ఆశ, రోడ్డు వైపు చూస్తూ.

మందు ఎక్కించే వార్డు మూడో అంతస్తులో. వరసగా వాలు కుర్చీలు, చేతులకి గొట్టాలతో మనుషులు. ఆశని ఆ కుర్చీలవైపు తీసుకుపోతారని చూస్తున్నాను. ఇప్పుడు చెప్తాను, సూది గుచ్చే ముందు చెప్తాను, అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇంతలో కన్నియమ్మ అనే పెద్ద నర్సు వచ్చింది. ఆమె చేతిలో సెలైన్ సీసా లేదు. మూతలున్న ప్లాస్టిక్ డబ్బీలు రెండు ఉన్నాయి. ఒకటి మా అన్నకి, ఒకటి నాకు ఇచ్చింది.

"కఫం పరీక్షకి" అంది తమిళంలో. "ఇంట్లో ఉండే అందరికీ. అమ్మకి కూడా ఒకటి పంపిస్తాను. పాపకి ముందు ఛాతీ స్కాను. రా పాపా."

మా అన్న డబ్బీని, నర్సుని, నన్ను చూశాడు. నేనే చెప్పేశాననుకున్నాడు. ఆయన చూపులో అసహ్యం కనపడింది. అంత నేరం నేను చేసి ఉంటే ఎంత బాగుండేది.

"చిన్నాయన కాదు నాయనా, నేను" అంది ఆశ. "శుక్రవారమే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పేసినా. ఆఫీసు క్యాబ్‌లో ఉండి చేసినా. మీకు టీబీ వచ్చింది, సగంలో మాత్రలు ఆపేసినారు, నేను అదే హాల్లో ఉన్నా అని. ఈ పొద్దు మందు లేదు. మొదట స్కాను, మళ్లీ పరీక్ష. లోపల ఉండాదంటే దానికి మాత్రలు, ఒక నెల పోయినాక మందు. అది కాకుంటే పేగులోకి మాత్రమే కణాలు పోకుండా అడ్డుకునే వేరే మందు ఉండాదంట, దానికి ఈ భయం తక్కువంట. అది డాక్టరు చూసుకుంటారు. మీకు కోపముంటే ఇంటికి పొయ్యినాక తిట్టండి."

"నీకెట్లా తెలుసు?" అన్నాడు మా అన్న.

"ఒకే బాత్రూం గదా నాయనా మనకి. రంగు చూసి గూగుల్ చేసినా. బీరువాలో మిగిలిపోయిన మాత్రల పట్టీలు చూసినా. మీరు చెప్పుకోనప్పుడు నేనెందుకు అడగాలని ఊరుకున్నా."

ఆయన తర్వాత అడిగిన మొదటి మాట ఇది: "దామోదరానికి తెలుసునా?"

చూశారా, అనుకున్నాను. పిల్ల ప్రాణం మీదికి వచ్చినా ఈయనకి దామోదరమే. నా పాత అలవాటు అప్పటికీ పోలేదు.

"తెలీదు. ఇంక తెలియబోదు గూడా. అందుకే నాలుగింటికి రమ్మన్నా. డాక్టరుకి గూడా చెప్పినా, ఆయన ముందర ఈ మాట ఎత్తొద్దని."

మా అన్న డబ్బీ మూత తిప్పాడు, మళ్లీ బిగించాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మండీలో ఎన్ని టన్నుల మిరపకాయ దంచినా నేనెప్పుడూ అవి చూడలేదు.

"నీకు ఇంత ముప్పు ఉండాదని నాకు తెలీదమ్మా" అన్నాడు. "టెస్టు మంచిగుంటే అంతే అనుకున్నా. ఎవురూ చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పేది నాకు సగం పట్టలేదు, దామోదరం పక్కన ఉండాడని అదే ధ్యాస. వీడు మండీకి వచ్చి నలుగురి ముందర తిట్టి పోయినాడు. ఇదీ సంగతి, నీ కూతురికి ఇట్లా అవతాది అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ పొద్దే పరిగెత్తుకోని వచ్చి ఉందును గదా."

వచ్చి ఉండేవాడే. ఆ మాట అబద్ధం కాదని ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. ముప్పై ఏళ్లుగా నేను మూర్ఖుడి కింద కట్టిన మనిషి, అర్థమయ్యేలా ఒక్కసారి చెప్తే వినేవాడు. నేను ఆయనకి ఎప్పుడూ అర్థమయ్యేలా చెప్పలేదు. గెలవడానికి చెప్పాను. బాగా చెప్పిందేమో అప్పటికే తెలిసిన పిల్లకి చెప్పాను, అది కూడా సగం మింగి.

మేడమీద ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు ఇప్పుడు ఒక్కొక్కటే వినిపించాయి. ఎట్లాంటి ఇన్‌ఫెక్షన్లు. ఇంకేమన్నా ఉండాదా. అప్పటికి ఫోన్ చేసి మూడు రోజులయింది. అన్నీ తెలిసే అడిగింది. నాకు సిగ్గేసింది. పరువూ పోకుండా ప్రాణమూ పోకుండా ఒక ఫోన్‌తో అయిపోయే పని అది. జువాలజీ అక్కర్లేదు, ధైర్యం కూడా పెద్దగా అక్కర్లేదు. ఇరవై ఆరేళ్ల పిల్ల నొప్పి మీద ఉండి, క్యాబ్‌లో కూర్చుని, నలుగురి మధ్య మెల్లగా మాట్లాడి చేసేసింది.

"నాకొక్క మాట చెప్పి ఉండొచ్చు గదమ్మా" అన్నాను.

ఆశ చేతి గాజులు, గొలుసు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేస్తోంది. స్కాను గదిలోకి లోహం ఉండకూడదు. బ్యాగ్ జిప్పు పెట్టి, తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మీకెందుకు చెప్పాల చిన్నాయనా?" అంది. "మీకు తెలుసు గదా."

కన్నియమ్మ మళ్లీ పిలిచింది. బ్యాగ్ పట్టుకుంటానని నేను చెయ్యి చాచాను. ఆశ దాన్ని వాళ్ల నాయన ఒళ్లో పెట్టి లోపలికి పోయింది.